బొగ్గుగనుల సీమలో ఒగ్గు డోలు

గోదావరి నదికి దక్షిణ తీరాన, నేటి పెద్దపల్లి జిల్లాలో, రామగుండం, గోదావరిఖని పట్టణాలు ఒకదానినొకటి ఆనుకొని ఉన్నాయి. అక్కడ పగలు, రాత్రి అనే భేదం లేకుండా పని సాగుతుంది. గనుల్లో మూడు షిఫ్టులు. పనికి వెళ్లేవారు, పని ముగించుకొని వచ్చేవారు వీధుల్లో ఎదురుపడుతూనే ఉంటారు. బొగ్గు మోసే రైళ్ల చప్పుడు, ఓపెన్ కాస్టు గనుల్లోని పేలుళ్లు, గని సైరన్ కూత ఆ ప్రాంత ప్రజల చెవులకు అలవాటైన ధ్వనులు. వీటి నడుమ, సంక్రాంతి వెళ్లిన నాటి నుండి ఉగాది వరకు, మరొక ధ్వని కూడా వినిపిస్తుంది. అది ఒగ్గు డోలు. మల్లన్న పట్నం వేసిన ఇంటి ముందు, బీరప్ప గుడి ముంగిట, ఎల్లమ్మ పండుగ జరిగే వాడలో ఆ డోలు మ్రోగుతుంది. ఆ మ్రోత వెనుక ఒక వాద్యబృందం, ఒక కథా భాండారం, ఆ బృందాన్ని పిలిచి పోషించే ఒక సమాజం ఉన్నాయి. ఈ మూడింటి సంబంధాన్ని తెలుసుకొనడమే ఈ పాఠం ఉద్దేశం.

ముందుగా ఆ సమాజం ఎట్లా ఏర్పడిందో చూడవలసి ఉన్నది. 1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని ఇల్లెందు పరిసరాలలో బొగ్గు నిక్షేపాలను కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కులను పొందింది. సమీపంలోని సింగరేణి గ్రామం పేరే తరువాత సంస్థకు పేరయింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ నమోదయింది. 1945లో నిజాం ప్రభుత్వం దానిని తన అధీనంలోనికి తెచ్చుకొన్నది. ప్రస్తుతం అందులో తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉన్నాయి. ఇల్లెందులో మొదలైన తవ్వకం బెల్లంపల్లికి, కొత్తగూడేనికి విస్తరించి, 1960ల తొలినాళ్లకు రామగుండం ప్రాంతాన్ని చేరుకొన్నది. గోదావరి ఒడ్డున గనులు వెలసినందువల్ల ఆ కొత్త ఊరికి గోదావరిఖని అన్న పేరు స్థిరపడింది.

గనులలో పని చేయడానికి నాటి కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల నుండి వేలాది మంది తరలి వచ్చారు. వానలు లేక పంటలు పండని రైతులు, మందలు తగ్గిపోయిన కురుమలు, గొల్లలు, చేతివృత్తులు సాగని వారు, భూమిలేని కూలీలు బొగ్గు బాయిలోకి దిగారు. ఆ ప్రాంతంలో గనిని బాయి అనే అంటారు. వచ్చినవారు తట్టా బుట్టతో పాటు తమ దేవుళ్లను కూడా తెచ్చుకొన్నారు. ఇంటి మూల గద్దె మీద మల్లన్నను, వాడ చివర చెట్టు క్రింద పోచమ్మను నిలుపుకొన్నారు. దేవుడు వచ్చిన తరువాత దేవుని కథ చెప్పేవాడు కూడా రావలసిందే. అందుచేత బొగ్గుగనుల కాలనీలకు ఒగ్గు బృందాల రాకపోకలు సహజంగానే ఏర్పడ్డాయి.

ఒగ్గు అంటే శివుని చేతిలోని డమరుకం. ఆ చిన్న వాద్యాన్ని చేత ధరించి చెప్పే కథ కనుక దీనికి ఒగ్గు కథ అని పేరు వచ్చింది. ఒగ్గు కథకులలో అధికులు గొర్రెల పెంపకం వృత్తిగా గల కురుమ, గొల్ల కులాలకు చెందినవారు. తరువాతి కాలంలో ఇతర కులాలవారు కూడా ఈ కళను నేర్చుకొన్నారు. వీరు కేవలం గాయకులు కారు. మల్లన్న కల్యాణాన్ని జరిపించే పూజారులు కూడా వీరే. అందువల్ల వీరిని ఒగ్గు పూజారులని వ్యవహరిస్తారు. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ వీరికి ప్రధానమైనవి. మల్లన్న గొల్ల కేతమ్మను, బలిజ మేడలమ్మను వరించిన వృత్తాంతం మొదటిది. కురుమల కులదైవమైన బీరప్ప తన అక్క మహంకాళి సాయంతో కామరాతిని పెండ్లాడిన వృత్తాంతం రెండవది. రేణుక, జమదగ్ని, పరశురాముల గాథతో ముడిపడినది మూడవది. ఈ ఎల్లమ్మను గౌడ కులస్థులు విశేషంగా కొలుస్తారు. ఒక్కొక్క కథకు ఒక్కొక్క సమాజం అండగా నిలిచి ఉండటం ఇక్కడ గమనింపదగిన విషయం.

ఈ సంప్రదాయం తెలంగాణకే పరిమితమైనది కాదు. మన మల్లన్ననే మహారాష్ట్రులు ఖండోబా అని, కన్నడిగులు మైలార అని కొలుస్తారు. మహారాష్ట్రలోని జేజురి క్షేత్రంలో వాఘ్యా, మురళీ అనే గాయకులు ఖండోబా గాథలను పాడుతారు. కర్ణాటకలో గొరవయ్యలు డమరుకం మ్రోగిస్తూ మైలారుని కీర్తిస్తారు. మూడు క్షేత్రాలలోనూ పసుపుపొడియే ప్రసాదం. తెలంగాణలో దానిని బండారి అంటారు. గొర్రెల మందలు నడిచిన దారుల వెంట దేవుడు, కథ, వాద్యం కలసి నడిచాయని దీనివల్ల ఊహించవచ్చు.

ఇక బృందం నిర్మాణాన్ని పరిశీలిద్దాం. సామూహిక వాద్యసంగీతం అనగానే చదువుకొన్నవారికి పాశ్చాత్యుల సింఫనీ ఆర్కెస్ట్రా గుర్తుకు రావచ్చు. అందులో సుమారు ఎనభై నుండి నూరు మంది వాద్యకారులు ఉంటారు. తంత్రీ వాద్యాలు, కొయ్యతో చేసిన ఊదుడు వాద్యాలు, ఇత్తడి వాద్యాలు, తాళవాద్యాలు అని నాలుగు వర్గాలుగా కూర్చుంటారు. ఒక నిర్వాహకుడు చేతి సంజ్ఞలతో వారిని నడిపిస్తాడు. ప్రతి వాద్యకారుని ముందు స్వరలిపి పత్రం ఉంటుంది. సంవత్సరంలో కొన్ని నెలలను కచేరీల ఋతువుగా ముందే ప్రకటిస్తారు. మనదేశంలో 2006లో ముంబయిలో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఈ పద్ధతిలోనే పనిచేస్తున్నది.

ఒగ్గు బృందంలో సాధారణంగా నలుగురు మొదలు ఆరుగురు వరకు ఉంటారు. స్వరలిపి లేదు, ప్రకటన పత్రం లేదు. అయినా నిర్మాణంలో అది కట్టుదిట్టమైనది. ప్రధాన కథకుడు నాయకుడు. కాళ్లకు గజ్జెలు, తలకు పాగా, చేతిలో ఒగ్గు అతని గుర్తులు. అతని ప్రక్కన సహాయ కథకుడు నిలుస్తాడు. అతడు ప్రశ్న వేస్తాడు, ఊఁ కొడతాడు, పాట చివరి చరణాన్ని అందుకొంటాడు, అవసరమైనచోట హాస్యం పలికిస్తాడు. వెనుక డోలు, తాళం ఉంటాయి. కొన్ని బృందాలలో కంజిర, నపీర అనే ఊదుడు వాద్యం కూడా చేరుతాయి. డోలు కొయ్యతో చేసిన పెద్ద వాద్యం. రెండు ముఖాలకు చర్మాన్ని త్రాళ్లతో బిగిస్తారు. వాద్యకారుడు దానిని నడుముకు కట్టుకొని ఒకవైపు కర్రతో, రెండవవైపు చేతితో వాయిస్తాడు. కర్ర దెబ్బ దూరానికి వినిపిస్తుంది, చేతి దెబ్బ దగ్గరి వారికి లయను పట్టి ఇస్తుంది. తాళం ఆ రెండింటినీ జారిపోకుండా కాపాడుతుంది.

సింఫనీలో నిర్వాహకుడు వాద్యం వాయించడు. ఒగ్గు కథలో నాయకుడే గాయకుడు, వక్త, నటుడు, పూజారి. అతని చేతిలోని ఒగ్గు చిన్న కదలికతో బృందానికి ఆజ్ఞ అందుతుంది. పాట ముగిసి వచనం మొదలయ్యేచోట డోలు ఒక్కసారిగా ఆగుతుంది. వచనం ఉద్వేగాన్ని అందుకొనగానే మళ్లీ లేస్తుంది. యుద్ధానికి ఒక నడక, పెండ్లికి ఒక నడక, శోకానికి ఒక నడక ఉంటాయి. ఎంతసేపు ఏ నడక సాగాలో ఎదుట కూర్చున్నవారి ముఖాలను చూసి నాయకుడు నిర్ణయిస్తాడు. పిల్లలు నిద్రకు తూగుతుంటే హాస్యఘట్టం ముందుకు వస్తుంది. స్త్రీలు కంట తడి పెడుతుంటే ఎల్లమ్మ కష్టాలు మరికొంత సాగుతాయి. అందుచేత ఒకే కథ రెండు చోట్ల ఒకే విధంగా ఉండదు.

కథ ఒక క్రమంలో నడుస్తుంది. మొదట డోలు, తాళం మ్రోగించి ఊరికి కబురు అందిస్తారు. జనం చేరిన తరువాత దేవతాస్తుతి జరుగుతుంది. ఆపైన కథకుడు కథాస్థలాన్ని, పాత్రలను పరిచయం చేసి అసలు కథలోకి ప్రవేశిస్తాడు. పాట, వచనం, సంభాషణ, అభినయం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. స్త్రీపాత్రను కూడా పురుషుడే పోషిస్తాడు. భుజం మీది వస్త్రాన్ని తల మీదుగా కప్పుకొంటే అతడు కేతమ్మ, దానిని నడుముకు చుట్టుకొంటే మళ్లీ మల్లన్న. కథ మధ్యలో భక్తులు కట్నాలు చదివిస్తారు. ఇచ్చినవారి పేరును కథకుడు సభలో పలుకుతాడు. ఈ పేరు పలకడంలో ఒక సామాజిక మర్యాద ఉన్నది. ఇచ్చిన సొమ్ము ఎంత చిన్నదైనా, ఆ మనిషి ఆ సమాజంలో ఒకడని పదిమంది ఎదుట చెప్పినట్లవుతుంది. పల్లె విడిచి వచ్చిన గనికార్మికునికి ఈ పిలుపు ఎంతటి ఆత్మీయతను కలిగించేదో వేరుగా చెప్పనవసరం లేదు.

మల్లన్న పూజలో కథతో పాటు పట్నం కూడా ముఖ్యమైనది. పసుపు, కుంకుమ, బియ్యపు పిండి, ఆకుల పొడి మొదలైన రంగులతో నేల మీద గీసే పెద్ద ముగ్గు పట్నం. ఒగ్గు పూజారులు ఆ రంగులను చేతివేళ్ల నడుమ నుండి జారవిడుస్తూ గడులు, గీతలు, పూలు తీరుస్తారు. దానిమీదనే దేవుని కల్యాణం జరుగుతుంది. తెల్లవారేసరికి పట్నం చెరిగిపోతుంది. మళ్లీ పిలిచినప్పుడు మళ్లీ వేయవలసిందే. చిత్రం, సంగీతం, కథ మూడూ ఒకే రాత్రికి పుట్టి ఆ రాత్రితోనే ముగిసిపోవడం ఈ కళలోని విశేషం.

ఒగ్గు బృందాలకు కూడా ఒక ఋతువు ఉన్నది. దానిని వ్యవసాయం, పంచాంగం కలసి నిర్ణయించాయి. సిద్దిపేట జిల్లాలోని కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి తరువాతి ఆదివారంతో మొదలై ఉగాదికి ముందటి ఆదివారం వరకు సాగుతుంది. మొదటిది పట్నం వారం, రెండవది లష్కర్ వారం. మహాశివరాత్రి రాత్రి పెద్ద పట్నం వేస్తారు. ఆ వారాలలో ఒగ్గు పూజారులకు తీరిక ఉండదు. వరంగల్లుకు సమీపంలోని ఐనవోలు మల్లన్న జాతర కూడా సంక్రాంతితోనే ఆరంభమవుతుంది. గోదావరిఖని వాసులకు దగ్గరి క్షేత్రం ఓదెల. పెద్దపల్లి జిల్లాలోనే, కాజీపేట నుండి బల్లార్షాకు వెళ్లే రైలుమార్గంలో ఉన్న ఈ ఊరి మల్లికార్జునుని ఓదెల మల్లన్న అని కొలుస్తారు. పంటలు ఇంటికి చేరిన తరువాత, వేసవిలో, బీరప్ప, ఎల్లమ్మ పండుగలు జరుగుతాయి. వానలు మొదలైతే కళాకారులు పొలాలకు, మందలకు మరలుతారు. ఆషాఢ, శ్రావణ మాసాలలో పోచమ్మ బోనాలకు మళ్లీ డోలు లేస్తుంది. ఇవి కాక, మరణించిన పెద్దల దశదిన కర్మనాడు కథ చెప్పించుకొనే ఆచారం కూడా ఉన్నది. సంతోషంలోనూ, దుఃఖంలోనూ ఆ బృందం అవసరమే.

పల్లెలో ఈ ఋతువు నాగలికి అనుగుణంగా ఏర్పడింది. బొగ్గుగనుల పట్టణంలో దానికి మరొక గడియారం ఎదురయింది. పల్లెలో రాత్రి భోజనాల తరువాత మొదలైన కథ తెల్లవారే వరకు సాగేది. ఒక్కొక్క కథ కొన్ని రాత్రుల పాటు నడిచేది. గని కాలనీలో రాత్రి షిఫ్టుకు వెళ్లేవాడు కథ మొదలు కాకముందే లేచిపోతాడు. రెండవ షిఫ్టు దిగినవాడు కథ మధ్యలో వచ్చి కూర్చుంటాడు. మొదటి షిఫ్టువాడు తెల్లవారుజామునే లేవవలసినవాడు కనుక ముగింపు వరకు ఉండలేడు. అందరూ కలసి కూర్చోగలిగిన రోజు ఆదివారమే. గనుల భాషలో దానిని ప్లేడే అంటారు. ఆ రోజు కూడా కొందరికి పని పడుతుంది. ఇటువంటి చోట తెల్లవార్లు సాగవలసిన కథను రెండు మూడు గంటలకు కుదించక తప్పదు. కుదించినప్పుడు మొదట పోయేవి వంశవర్ణనలు, ఊళ్ల వర్ణనలు, పశువుల పేర్లు, దారుల పేర్లు. కథకు అవి అంత ముఖ్యం కావని తోచవచ్చు. కాని పశుపాలకుల జీవితానుభవమంతా దాగి ఉన్నది ఆ వర్ణనలలోనే.

ఈ మార్పులను ఎదుర్కొని కళను నిలబెట్టినవారిలో ఇద్దరిని ప్రత్యేకంగా పేర్కొనాలి. మిద్దె రాములు పూర్వపు కరీంనగర్ జిల్లాలోని వేములవాడ సమీపాన గల హన్మాజీపేటకు చెందినవాడు. జ్ఞానపీఠ పురస్కార గ్రహీత డాక్టర్ సి. నారాయణరెడ్డి జన్మించినది కూడా ఆ గ్రామంలోనే. ఒకే ఊరి నుండి ఒకరు లిఖిత కవిత్వాన్ని, మరొకరు మౌఖిక కథను దేశాంతరాలకు చేర్చడం విశేషం. రాములు 1990లో మారిషస్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలలో ఒగ్గు కథను ప్రదర్శించాడు. 2010లో కన్నుమూశాడు. రెండవవాడు చుక్క సత్తయ్య. జనగామ ప్రాంతంలోని మాణిక్యాపురంలో 1935లో జన్మించాడు. ఆకాశవాణి ద్వారా అతని గొంతు తెలంగాణ పల్లెలన్నింటికీ పరిచితమయింది. 2014 సంవత్సరానికి కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అతనికి లభించింది. 2017లో అతడు మరణించాడు. ఈ ఇద్దరూ కుల పండుగల పరిధిలో ఉన్న కథను పట్టణ వేదిక మీదకు తెచ్చారు. తెలియని శ్రోతలకు కూడా అర్థమయ్యేటట్లు అభినయాన్ని, హాస్యాన్ని పెంచారు.

వేదిక మీదకు వచ్చిన తరువాత ఒగ్గు కళ రెండు పాయలుగా చీలింది. మొదటిది కథ. రెండవది డోలు విన్యాసం. విన్యాసంలో కథ ఉండదు. పది మంది, ఇరవై మంది యువకులు పసుపు పూసుకొని డోళ్లు కట్టుకొని ఒకే లయలో వాయిస్తూ గంతులు వేస్తారు, ఒకరి భుజాల మీద ఒకరు నిలిచి గోపురాకారం కడతారు. ఊరేగింపులకు, సభల ఆరంభాలకు, రాజకీయ నాయకుల స్వాగతాలకు ఇది బాగా అమరింది. తెలంగాణ ఉద్యమకాలంలో ధూంధాం వేదికల మీద ఈ డోలు జనాన్ని కదిలించింది. 2011లో సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు పాల్గొన్నప్పుడు బొగ్గుగనుల ప్రాంతమంతటా పాట, డప్పు, డోలు వినిపించాయి. రాష్ట్రం ఏర్పడిన 2014లోనే ప్రభుత్వం తెలంగాణ సాంస్కృతిక సారథిని నెలకొల్పి ఐదు వందలకు పైగా కళాకారులకు ఉద్యోగాలు కల్పించింది. నెలజీతం అనే మాట జానపద కళాకారుని జీవితంలో అంతకు ముందు అరుదు. ఆ విధంగా విన్యాసం వల్ల గౌరవం, ఆదాయం పెరిగాయి. అయితే పది నిమిషాల విన్యాసం నేర్చుకొనడానికి కొన్ని నెలలు చాలు. మల్లన్న కథను మొదటి నుండి చివరి వరకు చెప్పగలగడానికి సంవత్సరాలు పడుతుంది. సులభమైన దానికి పిలుపు ఎక్కువ, కష్టమైన దానికి పిలుపు తక్కువ అయినప్పుడు యువకులు దేనిని ఎన్నుకొంటారో ఊహించడం కష్టం కాదు.

గనులకు, వాద్యబృందాలకు సంబంధం ఇతర దేశాలలోనూ కనిపిస్తుంది. ఇంగ్లండులో బొగ్గుగనుల కార్మికులు తమ గని పేరుతోనే ఇత్తడి వాద్యబృందాలను ఏర్పరచుకొన్నారు. యార్క్‌షైర్ ప్రాంతంలోని గ్రైమ్‌థార్ప్ గని బృందం 1917లో పుట్టింది. 1992 అక్టోబరులో ఆ గనితో సహా అనేక గనులను మూసివేయనున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. కొద్ది రోజులలోనే ఆ బృందం లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో జరిగిన జాతీయ పోటీలో ప్రథమస్థానం పొందింది. మరుసటి సంవత్సరం గని మూతపడింది. బృందం మాత్రం నేటికీ వాయిస్తున్నది. డర్హం పట్టణంలో 1871లో మొదలైన గనికార్మికుల ఉత్సవం కూడా అటువంటిదే. అక్కడి గనులన్నీ మూతపడి చాలాకాలమైనా, కార్మిక సంఘాల పతాకాల వెంట బృందాలు వీధులలో సాగుతూనే ఉన్నాయి. స్వరలిపి ఉన్నందువల్ల, పిల్లలకు నేర్పే ఏర్పాటు ఉన్నందువల్ల, వినడానికి వచ్చే ఊరు ఉన్నందువల్ల ఆ బృందాలు గనుల కన్న ఎక్కువ కాలం బ్రతికాయి.

సింగరేణి ప్రాంతంలోని ఒగ్గు బృందాలకు ఈ మూడు ఆధారాలలో మొదటిది ఎన్నడూ లేదు. మిగిలిన రెండూ సడలుతున్నాయి. 1990ల తొలినాళ్లలో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య ఇటీవలి సంవత్సరాలలో నలభై వేల ప్రాంతానికి దిగింది. భూగర్భ గనుల స్థానంలో యంత్రాలతో నడిచే ఓపెన్ కాస్టు గనులు పెరిగాయి. పదవీ విరమణ చేసినవారు కొందరు స్వగ్రామాలకు, మరికొందరు పిల్లలున్న నగరాలకు వెళ్లిపోతున్నారు. ఓపెన్ కాస్టు గనుల కోసం కొన్ని గ్రామాలు ఖాళీ అయి కుటుంబాలు చెదిరిపోయాయి. గ్రామం కదిలినప్పుడు ఇంటికి, పొలానికి వెల కట్టవచ్చు. ఏటా ఏ ఇంటివారు పట్నం వేయించాలి, ఏ వాడవారు బయానా ఇచ్చి బృందాన్ని పిలవాలి, ఏ చెట్టు క్రింద కథ జరగాలి అనే కట్టుబాటుకు వెల కట్టే లెక్క లేదు. ఆ కట్టుబాటు తెగితే బృందానికి ఋతువే ఉండదు.

నేర్చుకొనే విధానాన్ని గమనిస్తే ఈ ప్రమాదం మరింత స్పష్టమవుతుంది. ఒగ్గు కథకు పాఠశాల లేదు. బాలుడు తండ్రి వెంటనో, మేనమామ వెంటనో బృందంతో తిరుగుతాడు. మొదట తాళం పట్టుకొంటాడు. కొన్ని సంవత్సరాలకు డోలు అందుకొంటాడు. ఆ తరువాత వంతపాటకు, సహాయ కథకుని స్థానానికి చేరుతాడు. చివరికి ఒకనాడు నాయకునికి గొంతు సహకరించనప్పుడు కథను తాను అందుకొంటాడు. ఈ క్రమమంతా ప్రదర్శనల ద్వారానే జరుగుతుంది. ప్రదర్శనలు తగ్గితే పాఠాలు తగ్గినట్లే. ధ్వనిముద్రణ వల్ల పాట నిలుస్తుంది, కాని శ్రోత ముఖాన్ని చూసి కథను మలచుకొనే నేర్పు అందులో నిలవదు.

పండితులు ఈ విషయాన్ని చాలాకాలం క్రిందటే గుర్తించారు. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యంపై జరిపిన పరిశోధన విశ్వవిద్యాలయాలలో జానపద అధ్యయనానికి బాట వేసింది. వరంగల్లులోని జానపద గిరిజన విజ్ఞానపీఠం ఆ బాటలోనే ఏర్పడింది. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటి పరిశోధకులు అంతరించిపోతున్న వాద్యాలను సేకరించి ప్రదర్శనలు నిర్వహించారు. సింగరేణి సీమకే చెందిన మరొక ఉదాహరణ కూడా ఉన్నది. మణుగూరు ప్రాంతపు కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య కంచుమేళంతో తన జాతి గాథలను గానం చేసేవాడు. 2022లో అతనికి పద్మశ్రీ పురస్కారం లభించింది. 2024లో అతడు మరణించాడు. పురస్కారం కళాకారుని గౌరవిస్తుంది. కాని అతని తరువాత ఆ గాథలను ఎవరు పాడాలి, ఎవరు పాడించుకోవాలి అనే ప్రశ్నకు సమాధానం అతని ఊరివారి దగ్గరనే ఉంటుంది.

ఒగ్గు కథ విషయంలోనూ అంతే. ప్రభుత్వం పింఛను ఇవ్వవచ్చు, సంస్థలు వేదిక ఏర్పాటు చేయవచ్చు, విశ్వవిద్యాలయాలు కథలను గ్రంథస్థం చేయవచ్చు. ఇవన్నీ అవసరమే. డిసెంబరు 23న జరిగే సింగరేణి దినోత్సవం వంటి సందర్భాలలో డోలు విన్యాసానికి పది నిమిషాలు ఇచ్చినట్లే పూర్తి కథకు ఒక రాత్రి కేటాయించడం కూడా కష్టమైన పని కాదు. అన్నింటికన్న ముఖ్యమైనది పిలుపు. నాగలి పట్టినవారు పిలిచినంత కాలం కథ పల్లెలో బ్రతికింది. తట్ట మోసినవారు, బొగ్గు కోసినవారు పిలిచినంత కాలం కాలనీలలో బ్రతికింది. నేడు వారి పిల్లలు వేర్వేరు నగరాలలో చదువుకొంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. మల్లన్న పట్నాలకు వారిలో చాలామంది ఇంకా గోదావరిఖనికి వస్తూనే ఉన్నారు. వచ్చినవారు ఛాయాచిత్రాలు తీసుకొని వెళ్లిపోతారా, కథ ముగిసేవరకు కూర్చుంటారా అన్నదానిపై ఆ డోలు భవిష్యత్తు ఆధారపడి ఉన్నది.